ఉంగ పెట్టెలోని ముడితాళ్ళు

విద్యార్థుల హాస్టలు,
బస్తర్ సంస్థానం,
9–2–1941, ఆదివారం

అక్క సోమక్క పాదాలకు తమ్ముడు రామనర్సయ్య నమస్కరించి రాసేది. నాయినకు, అమ్మకు, బావకు నా దండాలు చెప్పు. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. నా కోపం కూడా ఆరోగ్యంగానే ఉంది. నీ కార్డు అందింది. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందన్నావు, సంతోషం.

కొంటా సంతలో ఉప్పు పొట్లాలు కట్టిచ్చిన కరపత్రాలు విప్పి, నేను కూడబలుక్కుని చదివే రోజుల్లో, ఈ కాగితాలు నిన్ను ఎక్కడికో తీసుకుపోతాయిరా అని భయపడేదానివి. తీసుకుపోయాయి అక్కా. మా సూపరింటెండెంటు గారి గది గుమ్మం ముందు నిలబెట్టాయి. గారు అని రాయకపోతే నాయిన నొచ్చుకుంటాడు కనుక ఒకసారి రాశాను. మిగతా ఉత్తరానికంతా దాన్నే సర్దుకోమను.

మొదటి నుంచి రాస్తాను. లేకపోతే నాయిన నీ చదువు మధ్యలో ఆపి, వాడు మళ్ళీ ఎవణ్ణి కొట్టాడు అని అడుగుతాడు. ఎవరినీ కొట్టలేదు. ఇంతవరకు.

నా పక్క చాప మీద పడుకునేవాడి పేరు ఉంగ. దోర్ల తెగవాడు. కొంటాకు పైన అడవి లోపలి ఊరు. నాలాగే పద్దెనిమిదేళ్ళకు ఏడో తరగతి. హాస్టలు మొత్తంలో వాడంత బీదవాడు లేడు. ఉన్నది ఒకటే పంచె. ఆదివారం దాన్ని ఉతికి బండ మీద పరిచి, ఆరేదాకా మెడలోతు నీళ్ళలో కూర్చుంటాడు. ఒడ్డున మేం నిలబడి, ఏంరా మొసలీ, ఇవాళ బువ్వకు వస్తవా అని అరుస్తాం. నన్నెందుకు అడుగుతరు, ఎండను అడుగుండ్రి అంటాడు. కోపం రాదు వాడికి. నాకు వచ్చేది చూసి ఆశ్చర్యపోతుంటాడు.

వాడి ఊళ్ళో కాగితం చదవగలిగిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. అడవి గార్డు ఏది తెస్తే దాని కింద ఊరంతా వేలిముద్రలు వేస్తారు. అందులో ఏముందో గార్డుకు తెలియాలి. ఈ ఏడు పరీక్ష గట్టెక్కి, ఊరికి పోయి బడి పెట్టి, రాత్రికి రాత్రి అందరికీ కాకపోయినా ఇంటికొకడికైనా అక్షరం నేర్పాలని వాడి పట్టు. మార్చి మూడో తేదీన పరీక్ష మొదలు. వాడు కూర్చుంటాడా కూర్చోడా అన్నదే ఇప్పుడు వచ్చిన తంటా.

సూపరింటెండెంటు సొంత ఇల్లు కట్టుకుంటున్నాడు. ఏటి ఒడ్డున బట్టీ. రోజూ సాయంత్రం బడి వదలగానే మేమే ఇటుకలు మోయాలి. చదువుకునేవాళ్ళ చేత వెట్టి! రిజిస్టరులో మాత్రం దాని పేరు వ్యాయామం. పోయిన నెల ఉంగను పిలిచి, మీ ఊరి నుంచి ఎడ్లబండి తెప్పించు, కూలీ గీలీ అనొద్దు అన్నాడు. ఉంగ చేతులు కట్టుకుని, మా ఇంటికాడ ఉన్నయి రెండు ముసలెడ్లే సాబ్, అవి నడిచి ఇక్కడికొచ్చేసరికి మీ ఇల్లు పాతబడతది అన్నాడు. వరండాలో ముప్పై మందిమి ఉన్నాం. అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. అదే వాడి ప్రాణం మీదికి వచ్చింది.

మర్నాటి నుంచి గాలిమాటలు మొదలయ్యాయి. ఉంగ దొంగ అట. ఏం ఎత్తుకుపోయాడో ఒక్కడూ చెప్పడు. సూపరింటెండెంటుకు చెవిలాంటివాడు ఒకడున్నాడు మా గదిలో, పొజ్జా అని. వాడి దగ్గర గుడ్డపీలిక కూడా లేదు గదరా, ఏం దొంగతనం అని వాణ్ణి నిలదీశాను. అదే మరి, అంతా ఎక్కడో దాచిండు అన్నాడు! ఇలాంటివాడితో తర్కం ఏం చేస్తాం అక్కా.

ఇంకో సంగతి. ప్రతి సంత రోజూ ఎవడో ఒక అడవి మనిషి వచ్చి మా కంచె పక్కన గొంతుక్కూర్చుంటాడు. ప్రతిసారీ కొత్త మనిషే. ఉంగ వెళ్ళి పక్కన కూర్చుంటాడు. ఇద్దరూ ఒకే చుట్ట కాలుస్తారు. వచ్చినవాడు ఏదో చేతిలో పెట్టి పోతాడు. ఎవర్రా అంటే చుట్టం అంటాడు. ఎంతమందిరా నీకు చుట్టాలు అంటే, అడవి నిండ అంటాడు.

పోయిన నెలాఖరు శుక్రవారం సూపరింటెండెంటు వాడి రేకుపెట్టె సోదా చేశాడు. సన్నటి నార తాళ్ళు ముప్పై నలభై దొరికాయి, అన్నింటికీ ముడులు. ఇంకా ఒక గుడ్డ మూట నిండా ఎండిపోయిన పశువుల తోకకుచ్చులు. ఆయన ముఖం పెళ్ళివారిల్లులా వెలిగిపోయింది. ముప్పై ఏళ్ళ కిందటి భూంకాల్ తిరుగుబాటప్పుడు మామిడి కొమ్మకు మిరపకాయలు కట్టి ఊరూరా తిప్పారని నాయిన చెప్తాడు గదా, ఇదీ అలాంటిదే అన్నాడు. ఒక్కో తాడు ఒక్కో ఊరట, ఒక్కో ముడి ఒక్కో మనిషట. కంచె దగ్గరికి వచ్చేవాళ్ళు కబురు మోసేవాళ్ళట. అప్పటికప్పుడు పైకి రిపోర్టు రాశాడు. బడుల ఇన్‌స్పెక్టరు 27వ తేదీన విచారణకు వస్తున్నాడు. రుజువైతే ఉంగ పేరు కొట్టేస్తారు. సంస్థానంలో ఇంకే బడీ వాణ్ణి గడప తొక్కనివ్వదు.

అవేమిటిరా నిజం చెప్పు అంటే, ఊరికె ఉన్నయి తియ్ అన్నాడు. ఏదో బీదవాళ్ళ నమ్మకం అయి ఉంటుంది, చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాడు అనుకున్నాను. వాడు మాట్లాడకపోతే నేను మాట్లాడతాను. ఇన్‌స్పెక్టరుకు అర్జీ రాస్తున్నాను. శ్రమజీవి అన్న మాట ఇప్పటికి రెండుసార్లు వచ్చింది, నిరంకుశత్వం మూడుసార్లు. ఇంకో చోట కూడా పట్టేట్టుంది.

భయపడొద్దు.
నీ తమ్ముడు,
రామనర్సయ్య

•

హాస్టలు,
20–2–1941, గురువారం

అక్కకు దండాలు. నీ కార్డు చూశాను. నోరు మూసుకుని పరీక్ష రాసి రమ్మన్నావు. నోరు మూసుకోవడం తప్ప మిగతా అంతా నీ మాటే వింటాను.

అర్జీ సంగతి ఎలాగో పొక్కింది. సోమవారం నుంచి నాకు హాస్టలులో తిండి బందు. కంగారు పడకు, ఆకలితో చావడం లేదు. ఇక్కడ కేసా అని ముసలి బంట్రోతు ఉన్నాడు, కోయ మనిషి, గంట కొడతాడు, నీళ్ళు తోడతాడు. మధ్యాహ్నం నన్ను తన గుడిసె వెనక్కు పిలిచి దొప్పలో జావ పోస్తున్నాడు. తాగు బిడ్డా, అరిసేటోనికి బలం గావాలె అంటాడు. మెచ్చుకున్నాడో ఎత్తిపొడిచాడో తెలియలేదు. తాగేశాను.

ఉంగ మీద మాటలు మాత్రం వానాకాలం గడ్డిలా పెరుగుతున్నాయి. సూపరింటెండెంటు గుర్రం కుంటితే ఆ తోకకుచ్చుల మహిమ. ఒకడికి జ్వరం వస్తే ముడి వేశాడట. వాడి పక్కన పళ్ళెం పెట్టుకుని తినేవాణ్ణి నేనొక్కణ్ణే ఉండేవాణ్ణి, నాకు తిండి బందు అయ్యాక వాడు ఒక్కడే తింటున్నాడు. తన అన్నంలో సగం ఆకులో చుట్టి నాకు తెచ్చాడు. జావ తాగాను లేరా అంటే, అర్జీ రాసినోడివి, రెండు పూటల పని చేస్తున్నవ్ అన్నాడు.

మంగళవారం సూపరింటెండెంటు వాణ్ణి గదిలోకి పిలిచాడు. కిటికీ కింద నేనున్నాను, దాక్కుని కాదు, బాహాటంగానే నిలబడ్డాను. ఒక జత ఎడ్లు, ఒక బండి వస్తే ఈ కాగితం ఇక్కడే చిరిగిపోతుంది, పరీక్ష హాయిగా రాసుకో, బద్మాష్ అన్నాడు. చూశావా అక్కా, తిరుగుబాటు వెల ఒక ఎడ్లబండి! ఉంగ, లేవు సాబ్ అన్నాడు. అంతే. బయటికి వచ్చాక నేను ఆగలేకపోయాను. ఆ తాళ్ళు ఏమిటో ఒక్క ముక్క చెప్పి బయటపడొచ్చు గదరా, నోరు విప్పితే నీ సొమ్మేం పోతుంది అని అరిచాను. వాడు నేల చూస్తూ, నోరు ఇప్పితే నాకు పరీక్ష దొరుకుతది నర్సయ్యా, శానా మందికి దుక్కి పోతది అన్నాడు. నాకు అర్థం కాలేదు. అడిగితే, నువ్వు మంచోడివే గని నీ కడుపుల మాట నిలవదు అన్నాడు. నా కడుపులో మాట నిలవదా? నాలుగు రోజులుగా అన్నమే నిలవకుండా వాడి కోసం కొట్లాడుతున్నవాణ్ణి! ఆ పూటంతా మాట్లాడలేదు. మాట్లాడకపోయినా వాడికి తెలియలేదు, లెక్కలు చేసుకుంటున్నాడు.

అర్జీ పూర్తయింది. నాలుగు పుటలు. ఉంగ ఇంట్లో రెండు ముసలి ఎడ్లు తప్ప గొడ్డూ గోదా లేవనీ, రెండో గుడ్డ లేని మనిషి రాజ్యాన్ని కూలదోస్తాడంటే రాజ్యానికే అవమానమనీ రాశాను. ఇంతకంటే నిజం ఎవడు రాయగలడు? గెలుస్తాం అక్కా. నాకు అనుమానమే లేదు.

నీ తమ్ముడు,
రామనర్సయ్య

•

హాస్టలు,
16–3–1941, ఆదివారం

మా ఇంటి ఆడబిడ్డ, నా మొదటి పంతులమ్మ సోమక్కకు తమ్ముడు రామనర్సయ్య ఈసారి తల ఎత్తుకుని పెట్టే నమస్కారం. నేను, ఉంగ ఇద్దరం పరీక్ష రాశాం. ఇది ముందే చెప్పేస్తున్నాను, నాయిన ఊపిరి బిగబట్టుకుని కూర్చోకుండా. ఇక తీరిగ్గా విను.

27న ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పొట్టి మనిషి, మెల్లగా మాట్లాడతాడు, అడిగిన దానికి జవాబు వచ్చేదాకా కళ్ళు తిప్పడు. బడి వరండాలో బల్ల వేశారు. బల్ల మీద ఆ తాళ్ళు, తోకలు. మమ్మల్నందరినీ ఎదురుగా నేల మీద కూర్చోబెట్టారు. ఇన్‌స్పెక్టరు ముందే ఒక గార్డును ఉంగ ఊరికి పంపించి చూసి రమ్మన్నాడట. గార్డు చెప్పాడు: గడ్డి గుడిసె హుజూర్, రెండు ముసలి ఎడ్లు, మంచినీళ్ళు అడిగితే ఇవ్వడానికి ముసలమ్మ దగ్గర ఒక సొరకాయ బుర్ర తప్ప ఏమీ లేదు. నేను గర్వంగా అందరివైపూ చూశాను. నా అర్జీకి సాక్ష్యం నడిచొచ్చినట్టనిపించింది.

తరువాత నా అర్జీనే నన్ను హిందీలో చెప్పమన్నాడు. చెప్పాను. రెండో గుడ్డ లేని ఈ నిరుపేద అన్న మాటను రెండుసార్లు చెప్పాను. ఉంగ తల మోకాళ్ళలో పెట్టుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. పాపం, అందరి ముందూ బీదరికం విప్పి చెప్పాననిపించింది.

సూపరింటెండెంటు లేచి, ఊర్ల లెక్క, మనుషుల లెక్క, మామిడి కొమ్మ, మిరపకాయలు అన్నీ ఏకరువు పెట్టాడు. ఇన్‌స్పెక్టరు ఉంగను అడిగాడు. ఉంగ మాట్లాడలేదు. ఇంకోసారి అడిగాడు. మాట్లాడలేదు. జవాబు చెప్పకపోతే పేరు కొట్టేయక తప్పదు అన్నాడు. అప్పుడు ఇన్‌స్పెక్టరు, స్తంభం పక్కన నిలబడ్డ కేసాను చూసి, నువ్వు ఇక్కడివాడివేగా, ఇవేమిటి అన్నాడు.

కేసా బల్ల దగ్గరికి వచ్చి, తాడు ఒకటి చేతిలోకి తీసుకుని, పిల్లికూన తల నిమిరినట్టు నిమిరాడు. తిరుగుబాటు గాదు హుజూర్, ఇది దూడ అన్నాడు. అందరూ నవ్వారు. కేసా నవ్వలేదు. ఆవు ఈనితే ఒక ముడి, సస్తే తోకకుచ్చు, పులి తిన్నా రోగమొచ్చినా కుచ్చు కోసి ఉంచకపోతే, ఎవరికో అమ్ముకున్నవని అంటరు గదా అన్నాడు. ఎవరి పశువులు అంటే, మాలాంటోళ్ళయే హుజూర్, ఒకని ఇంట్ల ఒకటి, ఒకని ఇంట్ల రెండు, మాకు మతి ఉండదు, సదువుకునే పిలగాని పెట్టెల పెడ్తం అన్నాడు.

ఇన్‌స్పెక్టరు తోకకుచ్చు ఒకటి ఎత్తి చూసి, కింద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. అయిపోయింది అనుకున్నాను. సూపరింటెండెంటు ఊరుకుంటేగా! ఎగిరి లేచి, చూశారా సాబ్, ఊళ్ళో ఇన్ని పశువులున్నాయి, బండి తెమ్మని నేను ఆజ్ఞాపిస్తే ముసలెడ్లే ఉన్నాయని నాకు అబద్ధం చెప్పాడు అన్నాడు.

ఇన్‌స్పెక్టరు మెల్లగా, ఏ బండి అన్నాడు.

ఏ బండి, ఎవరి పనికి, అని ఇంకోసారి అడిగాడు. సూపరింటెండెంటు తలపాగా సర్దుకుంటూ ఉండిపోయాడు. నేను లేచి, ఇటుకలకు సాబ్, ఆయన ఇంటికి, బండి రాలేదని మేం మోస్తున్నాం అని రెండు అరచేతులూ చాపాను. వీడు రౌడీ, వీడి మాట లెక్కకాదు అన్నాడు సూపరింటెండెంటు. ఇన్‌స్పెక్టరు మిగతావాళ్ళ వంక చూశాడు. ఒక్కడూ కదలలేదు అక్కా. తలలు వంచుకున్నారు. వాళ్ళను తిట్టడానికి నోరు తెరిచానో లేదో, వెనక నుంచి ఎవడు లేచాడనుకున్నావు? పొజ్జా. సాబ్, నావి సూడుండ్రి, వానికంటె నావే ఎక్కువ పొక్కినయి, వాడు సగం రోజులు ఎగ్గొట్టిండు అన్నాడు! సాక్ష్యం చెప్పాడో నా మీద చాడీ చెప్పాడో దేవుడికెరుక. ఆ తరువాత ఇక ముప్పై జతల అరచేతులు గాలిలోనే. ఇన్‌స్పెక్టరు వరస వెంట నడిచి ఒక్కొక్కటీ చూశాడు. వ్యాయామం రిజిస్టరు తెమ్మని తెప్పించి, చంకలో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రానికి సూపరింటెండెంటును సెలవు మీద పొమ్మన్నారు. నాకు తిండి మొదలైంది. ఇటుకలు బట్టీ దగ్గరే ఉన్నాయి, నడుమెత్తున ఆగిపోయిన గోడల మీద మేకలు ఎక్కి దిగుతున్నాయి. మూడో తేదీ పొద్దున ఉంగ తడి పంచెతోనే పరీక్షకు వచ్చి నా ముందు వరసలో కూర్చున్నాడు. లెక్కలు నాకంటే ముందే ముగించాడు. ఫలితాలు మే నెలలో. వాడి సంగతి ఖాయం. నాది కూడా ఖాయమే, లెక్కలు తప్ప.

న్యాయాన్ని ఎలుగెత్తి అడిగితే ఇవ్వక ఎక్కడికి పోతారు అక్కా! వచ్చే నెల ఊరికి వస్తాను. ఈ ఉత్తరం నాయినకు రెండుసార్లు చదువు.

విజయంతో,
నీ తమ్ముడు,
రామనర్సయ్య

తాజా కలం: ఇక్కడి నుంచి గట్టిగా చదవకు అక్కా. ముందు నువ్వొక్కదానివే చదువుకో. అందుకే ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు, సంతకు వచ్చిన ఒక మనిషి చేతికి ఇచ్చాను. ఎవరని అడగకు, కంచె పక్కన చూసిన మనిషే.

పై ముక్క రాసిన సాయంత్రమే ఏటి దగ్గర ఉంగ నాకు నిజం చెప్పాడు. ఆ పశువులన్నీ వాడివే. మూడు వందల పైచిలుకు. నలభై ఇళ్ళ కొట్టాల్లో పంచి ఉన్నాయి, కంచె దగ్గరికి వచ్చి తాళ్ళు ఇచ్చి పోయేది ఆ ఇళ్ళవాళ్ళే. ఈ చుట్టుపక్కల వాళ్ళ ఇంటి అంత పశువు ఉన్న ఇల్లు లేదు. భూంకాల్ తరువాత జుర్మానా కింద వాళ్ళ తాత మందనంతా సర్కారు మనుషులు తోలుకుపోయారట. మిగిలిన నాలుగు ఆవులను ఆయన నలుగురి ఇళ్ళలో కట్టేసి, ఇక మన కొట్టంలో రెండు ముసలెడ్లకు మించి కనపడొద్దు అని ఇంట్లోవాళ్ళ చేత ఒట్టు వేయించుకున్నాడు. అప్పటి నుంచి అదే పద్ధతి. మేపుకున్నవాడు దున్నుకుంటాడు, ఈనిన దూడల్లో తన వాటా తీసుకుంటాడు, మిగిలింది వీళ్ళది. విచారణలో ఉంగ తన పశువులేనని ఒప్పుకుని ఉంటే వాడు బయటపడేవాడు, మర్నాడు సర్కారు మనుషులు ఆ నలభై కొట్టాల మీదా పడేవాళ్ళు. కేసా గుడిసె వెనక కట్టేసిన రెండు ఆవులూ వాడివేనట. వాటి పక్కనే కూర్చుని నేను జావ తాగాను.

నా అర్జీకి వాడు ఏడవలేదు, నవ్వు ఆపుకోలేకపోయాడట. నన్ను అంత బీదోణ్ణి జేసినవ్, ఇంకో పుట రాస్తె నాకే జాలేసి ఒక ఆవును ఇచ్చుకుందును అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నువ్వూ దోపిడీదారువేరా అన్నాను. కరపత్రాల్లో ఉన్న మాటలన్నీ అన్నాను. వాడు విని విని, ఎద్దులేని ఇంటోడు ఎట్ల దున్నాల్నో ఏ కాగితంల రాసుంది, అది కూడ సదువు అన్నాడు. అయినా నేను ఒప్పుకోలేదు. ఈ వాదం ఇంకా అయిపోలేదు, మన ఊళ్ళో సాగుతుంది. వాణ్ణి కూడా వెంట తెస్తున్నాను.

కానీ ఒక సంగతి ముందే తేలాలి. మన ఎడ్ల జత నాయిన కొన్నది కాదు, ఇలాగే వాటాకు, పాలికి తెచ్చింది. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు వచ్చింది. ఎవరి దగ్గర అంటే, పైన అడవిలో ఒక పెద్దాయన దగ్గర అని నాయిన అనేవాడు, పేరు ఎప్పుడూ చెప్పలేదు. ఉంగను సూటిగా అడిగాను. వాడు అవతలి ఒడ్డు చూస్తూ, మీ నల్లెద్దు ఎడమదిక్కు దాపటికైతేనే నడుస్తదట గదా, కుడిదిక్కు ఎలపట కడితె మొండికేస్తదట అన్నాడు. వాడు మన ఊరే ఎరగడు అక్కా.

నాయినను అడుగు. ఏమన్నాడో కార్డు రాయి. ఆ పెద్దాయన పేరు మాత్రం రాయకు.